మేనమామకు చెందాల్సిన గంగాళం

నేను ఒక గంగాళాన్ని. గిన్నె అనకండి, బొచ్చె అనకండి, నాకు ఒళ్లు మండుతుంది. అచ్చమైన ఇత్తడి ఒళ్లు, లోపల తళతళలాడే కళాయి పూత, చెరో పక్కా లావుపాటి కడియాలు, ఊరందరికీ సరిపోయే పొట్ట! గోదావరి గట్టున కంచరివాళ్ల పాకలో పుట్టాను. బ్రహ్మలింగం అనే ఆయన నన్ను సుత్తితో బాది బాది ఈ ఆకారానికి తెచ్చాడు. దెబ్బకో తిట్టు తిట్టేవాడు గానీ, పని పూర్తయ్యాక అరచేత్తో నా పొట్ట నిమిరి, కాసేపు అక్కడే కూర్చున్నాడు. మనుషులంతే, ప్రేమ పుట్టేదాకా కొడుతూనే ఉంటారు.

ఇప్పుడు ఏ సత్రంలోనో పులుసు కాస్తూ ఉంటాననుకుంటున్నారు కదూ? అబ్బే! నేనుండేది కిన్షాసాలో. ఆఫ్రికా నడిబొడ్డున కాంగో అనే మహాదేశం ఉంది, దాని రాజధాని. ఊరి పక్కనే నది. గోదావరినే సముద్రమనుకుని పెరిగినదాన్ని, దాన్ని చూసి నోరు మూసుకున్నాను.

నన్ను ఇక్కడికి తెచ్చింది వంటమేస్త్రి చిట్టబ్బాయి. సెల్ టవర్లు నిలబెట్టే ఓ కంపెనీ వాళ్లు తమ మెస్సులో వండటానికి అతణ్ణి పిలిపించారు. "నా గంగాళం లేకపోతే నా చెయ్యి ఆడదండీ, ఆయ్" అని పేచీ పెట్టి, నన్ను ఓడ ఎక్కించాడు. అతని పక్కన కూరలు తరగడానికి, గిన్నెలు కడగడానికి అక్కడి మనిషిని పెట్టారు. ఆవిడే మామా కపింగా. మామా అంటే మన మామ కాదండోయ్, వాళ్లకి అమ్మ అని. పెద్ద వయసు ఆడవాళ్లందరూ మామాలే, మగవాళ్లందరూ పాపాలే, అంటే నాన్నలు.

కపింగా భర్త పోయిన మనిషి. ముకెండి అనే ఒక్కగానొక్క కొడుకు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. కంట నీరు మాత్రం ఎవరూ చూసి ఎరగరు. చిట్టబ్బాయికి ఆవిడ భాష రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా రోజంతా వాదించుకునేవారు! ఉప్పు మీద, కారం మీద, మంట మీద. కొన్నాళ్లకి అతను "అక్కా" అని పిలవడం, ఆవిడ ఏది ఒలికినా "అయ్యో" అనడం మొదలైంది. కాంగో దేశంలో నా ముందు నిలబడి ఆ దేశపు ఆడమనిషి "అయ్యో" అంటుంటే నా ఇత్తడి పులకరించిపోయేది.

ఆ మెస్సు పెరట్లోనే నేను ఆ దేశాన్ని చదువుకున్నాను. మన దగ్గర ఊరు దాటితే యాస మారుతుంది. అక్కడ పక్కింటికెళ్తే జాతే మారుతుంది! రెండు వందల పైచిలుకు తెగలట. కపింగాది కాసాయి అనే ప్రాంతపు లూబా తెగ. కాపలావాడు సముద్రం దిక్కు నుంచి వచ్చిన కోంగో తెగ మనిషి. చేపలు తెచ్చేవాళ్లు నది పొడవునా బతికే మోంగోలు. డ్రైవరు ఉత్తరాన ఎక్కడో జాందేల దేశం వాడు. తూర్పు నుంచి వచ్చిన వడ్రంగి కోపమొస్తే స్వాహిలీలో తిట్టేవాడు. అందరికీ పొద్దుపోయేది లింగాలా భాషలోనే. తిట్లకీ, ప్రార్థనకీ, పిల్లల్ని నిద్రపుచ్చడానికీ మాత్రం ఎవరి భాష వాళ్లదే. ఫుఫూ అని, మన సంకటి లాంటిది, అందరూ తింటారు. అందులో మొక్కజొన్న పిండి కలపాలని లూబాలు, కలిపితే పాడవుతుందని కోంగోలు రోజూ పోట్లాట. అబ్బ, ఎంత సందడి!

మెస్సు మూతపడ్డాక చిట్టబ్బాయి ఇంటికి బయల్దేరాడు. నన్ను చూసి, పెట్టె చూసి, మళ్లీ నన్ను చూసి, "అక్కా, దీన్ని విమానం మొయ్యదు. నువ్వుంచుకో" అన్నాడు. కపింగాకి మాట అర్థం కాలేదు గానీ, సంగతి అర్థమైంది. నన్ను పట్టుకుని పెరట్లో గిరగిరా తిరిగి డాన్సు చేసింది. ఆ రోజు నుంచి ఆ పేటలో ఏ పెళ్లయినా, చావయినా నేనుండాల్సిందే. నన్ను అడగడానికొచ్చిన ప్రతివాడికీ "జాగ్రత్త, అది ఇండియాది, దానికి అహంకారం" అని చెప్పి పంపేది. అబద్ధమేమీ కాదు.

ఇక అసలు కథ. ముకెండి ఒక పిల్లని ప్రేమించాడు. పేరు బొలుంబు. జడలు అల్లే దుకాణం నడుపుతుంది. తండ్రి పాపా ఇలోంగా నది మీద పడవ నడిపే మోంగో మనిషి. తల్లి మామా న్సోనాది సముద్రం దిక్కు, కోంగోల్లో యోంబే తెగ. కపింగాకి ఆ పిల్లంటే ప్రాణం. ఒకరోజు బొలుంబు ఆవిడ తల అల్లుతూ "మామా, మీ నెత్తిన నూనె లేదు, మీ కొడుక్కి బుద్ధి లేదు, ఇద్దర్నీ నేనే చూసుకోవాలి" అందట. ఆ ఒక్క మాటకి కపింగా పడిపోయింది. ఇంటికొచ్చి నన్ను తోముతూ, "ఈ పిల్ల నా ఇంటికి రాకపోతే ఇంకెవత్తీ రానక్కర్లేదు" అని నాతోనే చెప్పింది.

అక్కడ కట్నం మగపిల్లవాడి తరఫు వాళ్లే ఇవ్వాలి. బట్టలు, మేకలు, లాంతరు, వంటపాత్ర! వంటపాత్ర అనగానే కపింగా నా వైపు చూసింది. ముకెండి "అమ్మా, బజార్లో అల్యూమినియం డేగిసాలు కొందాం" అన్నాడు. "నా కోడలికి అల్యూమినియమా? సిగ్గులేదూ?" అంది. నాకెంత గర్వమొచ్చిందో చెప్పలేను. చింతపండు పెట్టి నన్ను తోమితే బంగారంలా మెరిశాను.

ఇలోంగా వాళ్ల పెరట్లో టెంటు వేశారు, పాటలు పెట్టారు. ముకెండి, అతని స్నేహితుడు చెరో కడియం పట్టుకుని నన్ను మోసుకెళ్తుంటే జనం లేచి నిలబడి ఈలలు వేశారు. కపింగా ముందు నడుస్తూ, తన తెగ పద్ధతి ప్రకారం, తిన్నగా పిల్ల తండ్రి ఇలోంగా ముందు నన్ను దింపించింది. ఇలోంగా కూడా తన తెగ పద్ధతి ప్రకారం రెండు చేతులూ నా అంచు మీద వేసి, "పుచ్చుకున్నాను" అన్నాడు. లూబాలకీ, మోంగోలకీ పిల్ల తండ్రిదే. కాబట్టి వాళ్లిద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

గేటు పక్క కుర్చీలో, అంత ఎండలోనూ కోటు తొడుక్కుని, ఒక పెద్దాయన కూర్చున్నాడు. న్సోనాకి అన్న, పిల్లకి మేనమామ, పాపా మకాయా. దూరాన్నుంచి లారీ ఎక్కి వచ్చాడు. ఆయన లేచి, టోపీ పెట్టుకుని, గేటు వైపు నడిచాడు. పాటలు ఆగిపోయాయి.

"బావా, ఎక్కడికి?" అన్నాడు ఇలోంగా.

"నా అవసరం లేని చోట నేనెందుకు? నా చెల్లెలి కడుపున పుట్టిన పిల్ల, నా నెత్తురు. నన్ను ఒక్క మాట అడక్కుండా గంగాళం దింపేశారు!"

కోంగో తెగల్లో పిల్లలు తల్లి వంశం వాళ్లు. తండ్రి కంటాడు, పెంచుతాడు, ముద్దు చేస్తాడు. కానీ ఆ పిల్లల మీద మాట మేనమామది. కట్నం ఆయన చేతికే ముట్టాలి. ఆయన దీవించని పెళ్లి అసలు పెళ్లే కాదు. మరి న్సోనా ముందే చెప్పవచ్చు కదా అంటారా? ఆవిడ లోపల నెత్తి బాదుకుంటోంది, "ఇది కూడా చెప్పాలా? లోకంలో ఎవరికి తెలీదు?" అని. అదీ సంగతి! రెండు వందల తెగల దేశంలో ప్రతి ఇంటివాళ్లూ తమ ఆచారమే లోకాచారం అనుకుంటారు. ఆ మాటకొస్తే మనం తక్కువ తిన్నామా?

"నేను కన్నాను. ఏటి మీద ఎండకీ వానకీ పడవ నడిపి పెంచాను. నా పిల్ల కాదా?" అన్నాడు ఇలోంగా.

"నీ పిల్లే. నీ వంశం కాదు."

కపింగా "అయ్యో! అయ్యో!" అంటూ పరుగెత్తుకొచ్చి, నా కడియం పట్టుకుని మకాయా వైపు లాగింది. అంతే, ఇలోంగా ఇటు కడియం పట్టుకున్నాడు. "మామా! ఇచ్చిన కట్నం వెనక్కి తీసుకుంటే మా వాళ్లలో అర్థమేమిటో తెలుసా? పిల్ల వద్దని!" కపింగా కడియం వదిలేసింది. వదిలేస్తే మేనమామ పోతాడు, వెనక్కి తీసుకుంటే తండ్రి పోతాడు. ఎటు చూసినా పోయేది బొలుంబే. నేనే లేకపోతే ఈ గొడవ ఉండేది కాదు కదా అని ఇత్తడినైన నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు ఇంట్లోంచి బొలుంబు వచ్చింది. పెళ్లి బట్టలు, నెత్తిన గోపురమంత జడలు, కళ్లల్లో నిప్పులు. చెప్పులు విదిలించి, నా దగ్గరికొచ్చి, చీరలాగా చుట్టుకున్న గుడ్డ కాస్త ఎత్తిపట్టుకుని, నాలోకి దిగి కూర్చుంది! అవునండీ, నాలోకే! మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని.

"నేను ఎవరి పిల్లనో తేల్చండి. ఎవరు లేపగలిగితే వాళ్ల పిల్లని. లేపి, మా అత్తగారి ముందు దింపండి. చూస్తాను!"

పెరడంతా గొల్లుమంది. మకాయా కోటు విప్పి వచ్చాడు. వంగి లాగాడు. నేను కదల్లేదు. ఇత్తడి బరువు, పైన బలిష్ఠమైన పిల్ల. "తప్పుకో బావా" అని ఇలోంగా వచ్చాడు. లంగరు లాగిన చేతులు, అయినా ఒక పక్కకి ఒరిగానంతే. బొలుంబు "నాన్నా, పడేస్తావా!" అని కేకపెట్టింది. ఆ కేకకి మకాయా గబుక్కున రెండో కడియం అందుకున్నాడు. ఆలోచించి కాదు, పిల్ల పడిపోతుందని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హుప్! లేచానండీ, లేచాను! ఆ గాలిలో నాకు గోదావరి గుర్తొచ్చింది, పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చే ముహూర్తం గుర్తొచ్చింది. గంపకి ఒక మేనమామ చాలు. ఇక్కడ తండ్రి ఒక పక్క, మేనమామ ఒక పక్క! ఆడవాళ్లు గొంతులు విరుచుకుని కేకలు వేశారు, మా పాత మెస్సు జాందే డ్రైవరు డబ్బా వాయించాడు, పిల్లలు నా వెంట పరుగులు తీశారు. రొప్పుతూ రొప్పుతూ నన్ను కపింగా కాళ్ల దగ్గర దింపారు.

మకాయా నడుం పట్టుకుని, "నాకీ పాత్ర ఎందుకమ్మా?" అన్నాడు కపింగాతో. "ఒక్క మాట అడిగితే చాలనుకుని అంత దూరం నుంచి వచ్చాను."

కపింగా పెరటి దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుంది. "అడుగుతున్నాను పాపా. మీ పిల్లని నాకిస్తారా?"

"ఇచ్చాను" అన్నాడాయన. కల్లు పుచ్చుకుని, మొదటి గుక్క తాను తాగి, మిగిలింది మేనకోడలికిచ్చి దీవించాడు. "గంగాళం నాది కనక నేను చెబుతున్నాను, అది మా బావ ఇంట్లోనే ఉండాలి." ఇలోంగా ఊరుకుంటాడా? "అదేం కుదరదు, మీరు పట్టుకెళ్లండి." "ససేమిరా, మీ దగ్గరే ఉండనీ." మళ్లీ తగువు! ఈసారి పుచ్చుకోనందుకు! ఇది వినీ వినీ విసుగెత్తి కపింగా నా కింద పొయ్యి వెలిగించేసింది. ఫుఫూలో మొక్కజొన్న పిండి కలిపింది కూడా, కోంగోలు కిక్కురుమనలేదు.

ఆ తగువు నేటికీ తేలలేదు, నేను ఇలోంగా పెరట్లోనే ఉన్నాను. మొన్న బొలుంబుకి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున మకాయా లారీ సందు మలుపులో కనిపించగానే, ఇలోంగా, న్సోనా, ముకెండి, కపింగా నలుగురూ పడుతూ లేస్తూ ఎదురెళ్లారు. "పాపా, మీరే చెప్పాలి, మీరే పెట్టాలి!" పసిపిల్లని ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన వంశం పిల్ల, ఆయన మాటే మాట. యోంబే పేరేదో పెడతాడని అందరూ చెవులు రిక్కించారు.

ఆయన పిల్ల మొహం చూసి, టోపీ తీసి, "కపింగా" అన్నాడు.

లూబా పేరు! దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్న ఆవిడ పేరు! కపింగా వంట చూడాలని చెప్పి పెరటి వెనక్కి వచ్చింది. బోర్లించి ఉన్న నన్ను తిప్పి, నాలో ఏదో వెతుకుతున్నట్టు మెడ దాకా తల పెట్టి, ఎవరికీ వినపడదనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఇత్తడిని, ఏం చెయ్యను? ఖంగుఖంగుమని పెరడంతా వినిపించేశాను.