రంగు తప్పిన మిరప

పొద్దున్నే రిబ్కా చేసే మొదటి పని మిరప మొక్కలకు నీళ్ళు పోయడం, రెండో పని రైలెక్కడం. ఈ రెండింటి మధ్య టిఫిన్ అనేది కుదిరితే ఉంటుంది, లేకపోతే లేదు. రేపల్లెలో ఎక్కి తెనాలిలో దిగుతుంది. అక్కడ ప్రకాశరావు గారి చీరల కొట్లో సాయంత్రం దాకా నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ మడతపెడుతుంది. కొనేవాళ్ళకంటే కొననివాళ్ళే ఎక్కువ కాబట్టి ఆమె బతుకులో మడతలే ఎక్కువ. పదకొండేళ్ళుగా ఇదే వరస.

పెరట్లో ఎనిమిది కుండీలున్నాయి. కూరకు కాదు, అందానికి పెంచే మిరప. ఒకే మొక్క మీద పాలరంగు, ఊదా, పసుపు, నారింజ, ఎరుపు కాయలు ఒకేసారి ఉంటాయి. అన్నీ తలెత్తి ఆకాశంకేసి చూస్తుంటాయి. ఆ విత్తనం బాపట్లలో ఉండే మేనత్త ఇచ్చి పోయింది, ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. పక్కిళ్ళ మిరప పుప్పొడి తగిలితే రంగులు చెడతాయని పూత రాగానే రిబ్కా పాత దోమతెర ముక్కలతో చిన్న సంచులు కుట్టి కొమ్మలకు కడుతుంది. విత్తనం గడప దాటకూడదని మేనత్త మరీమరీ చెప్పింది. అందుకే మిగిలిన గింజల మీద వేడినీళ్ళు పోసి మరీ పారేస్తుంది.

సాయంత్రమయ్యేసరికి వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. తలా ఒక కాయని రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు కూర్చుంటారు. ఊదా కాయ పసుపవుతుంది, పసుపు నారింజవుతుంది, అది ఎర్రబడేసరికి వాళ్ళ ఒంట్లోని అలసటంతా కాయలోకి దిగిపోయి ఉంటుంది. లేచి, చీర దులుపుకునో లుంగీ సర్దుకునో ఇంటికి పోతారు. రైసు మిల్లులో బస్తాలు మోసే సామ్యేలుకు రోజూ రెండు కాయలు కావాలి. స్కూల్లో పాఠాలు చెప్పే నీరజకు మామూలప్పుడు ఒకటి చాలు, పరీక్షలప్పుడు మూడు. ఎర్రబడ్డ కాయని మాత్రం తినకూడదు. ఒకసారి నీరజ పొరపాటున పప్పులో రెండు వేస్తే ఇంటిల్లిపాదీ మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు.

ఇంతమందిని తేలిక చేసే ఆ మిరప, తనను పెంచిన చేతి అలసట మాత్రం తీసుకోదు. రిబ్కా వేళ్ళ మధ్య ఊదా కాయ ఊదాగానే ఉండిపోతుంది. మేనత్తకీ అంతే. శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ఆవిడ మొహంలో పనుంది, లేవాలి అన్నట్టే ఉంది. రిబ్కాకు ఆ మొహం తరచూ గుర్తొస్తుంది.

ఈమధ్య రైలు కదలగానే నిద్ర ముంచుకొస్తోంది. తెనాలిలో దిగాల్సిన మనిషి గుంటూరులో కళ్ళు తెరుస్తోంది. ఈ నెలలో రెండుసార్లయింది. రెండోసారి కొట్టుకు చేరేసరికి పదకొండున్నర. ప్రకాశరావు గారు కోపంగా కూడా అనలేదు.

"అమ్మా రిబ్కా, నీ పనికి వంక పెట్టను. కానీ పెళ్ళిళ్ళ రోజులు. ఇంకొక్కసారి ఇలా అయితే ఇక రానక్కర్లేదమ్మా."

ఆ జీతం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా పెరటి మెట్టు మీద కూలబడింది. సామ్యేలు అప్పటికే కాయ పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ గుంటూరు పోయావంట?"

"పోయానన్నా. ఇంకోసారి పోతే ఉద్యోగం ఊడుతుంది."

"రేపు మెలకువగా ఉంటావా?"

"ఏమో. ఉంటానని ఏం చూసుకుని చెప్పను? కూర్చుంటే చాలు, కళ్ళు మూసుకుపోతున్నాయి."

సామ్యేలు పట్టుకున్న కాయ ఇంకా నారింజలోనే ఉంది. దాన్ని వదిలేశాడు. ఇన్నేళ్ళలో అతను సగంలో వదిలేసి లేవడం రిబ్కా చూడలేదు.

"ఒకసారి మా ఇంటికి రామ్మా."

"ఏంటన్నా?"

"తిట్టనంటే చూపిస్తా."

వాళ్ళ స్నానాలగది వెనక, పగిలిన పెయింటు బకెట్లో ఒక మిరప మొక్క ఉంది. ఆకు చూడగానే రిబ్కాకు తెలిసిపోయింది.

"నేను దొంగతనం చెయ్యలేదమ్మా," అన్నాడు సామ్యేలు. "పికిలిపిట్ట నీ కాయ తినొచ్చి ఇక్కడ రెట్ట వేసింది. పీకేద్దామనుకుంటే చెయ్యి రాలేదు. ఏడాదిగా బియ్యం కడిగిన నీళ్ళు పోస్తున్నా. ఇది ఆ మొక్క గింజకి మొలిచిందే. నీకు తెలిస్తే బాధపడతావని దాచా."

రిబ్కాకు నిజంగానే ఒళ్ళు మండింది. పక్కనే అతని కూరమిరప మడి. పుప్పొడి కలిసిపోయి సగం కాయలు తల దించేశాయి. ఊదా రంగు మట్టి రంగుకు దిగింది. మూడు తరాలు కాపాడిన రంగు ఒక పిట్ట పాలైంది.

"సంచులు కట్టలేదా?"

"ఏం సంచులు?"

"ఇంట్లో మొక్క పెట్టుకుని రోజూ మా పెరట్లోకి ఎందుకొస్తున్నావన్నా?" అంది రిబ్కా.

"ఇది నా అలసట తీసుకోదుగా. పెంచింది నేనేగా."

ఆ మాటకు రిబ్కా అతనివైపు చూసింది. తర్వాత మొక్కవైపు చూసింది. బోర్లించిన బాల్చీ మీద కూర్చుని, వంకరగా వేలాడుతున్న ఒక కాయని రెండు వేళ్ళతో పట్టుకుంది.

కాయ పసుపయింది. నారింజయింది. ఎర్రబడింది. ఇంకోటి పట్టుకుంది. తర్వాత పట్టుకోనక్కర్లేకపోయింది. పదకొండేళ్ళ మడతలు ఒకటొకటిగా విప్పుకుంటున్నట్టు కాయలన్నీ వాటంతటవే ఎర్రబడ్డాయి, ఆకులు వాడి వాలిపోయాయి. రిబ్కాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది మరి. సామ్యేలు లోపలికెళ్ళి టీ తెచ్చాడు.

"మొక్క చచ్చిపోతుందేమో అన్నా."

"బతుకుతుందిలే. బియ్యం కడిగిన నీళ్ళున్నాయిగా."

మర్నాడు రిబ్కా నీళ్ళు పోస్తూ కొమ్మలకు కట్టిన సంచులన్నీ విప్పేసింది. డబ్బాలో దాచిన గింజల్ని పాత పేపర్లో పొట్లాలు కట్టి సంచిలో వేసుకుంది. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. భట్టిప్రోలు వచ్చింది, వేమూరు వచ్చింది. జంపని దాటాక చేలల్లో కొంగలు కనిపించాయి. అవి ఎప్పటినుంచో అక్కడే ఉండి ఉంటాయి.

ఎదురు సీట్లో ఎవరో ఒకామె టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. ఎక్కేటప్పుడు ఆమె కూడా తెనాలికేనని చెప్పింది. రిబ్కా ఆమె భుజం తట్టింది.

"తెనాలొచ్చింది, లేవండి."

ఆమె ఉలిక్కిపడి క్యారేజీ సర్దుకుంది. రిబ్కా ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టింది.

"మిరప గింజలండి. మీరు మాత్రం నీళ్ళు పొయ్యకండి. పక్కింటావిణ్ణి పెంచమనండి."