ట్యాబు అడిగిన ముఖం

చర్ల దాటాక అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో సంపూర్ణ ఇంగ్లీషు టీచర్. పిల్లల ముఖం చూసి ఇంగ్లీషు పాఠాలు తెరిచే సర్కారు ట్యాబు పొద్దున్నుంచీ ఆమెకు ఒకటే పాట పాడుతోంది: ముఖం సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి. ప్రయత్నించీ ప్రయత్నించీ ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

ఎదురుగా హేమ్లి కూర్చుని ఉంది. చిన్నప్పుడు మరుగుతున్న నూనె మీద పడి, గడ్డం మెడకు అతుక్కుపోయిన పిల్ల. ముక్కు కింది నుంచి చున్నీ చుట్టుకునే బడికొచ్చేది, అన్నం తినేటప్పుడు కూడా అటు తిరిగి తినేది. మనుషుల ముందు నోరు విప్పేది కాదు గానీ, ట్యాబుతో మాత్రం ఇంగ్లీషులో గలగలా మాట్లాడేది. ఆ పాఠాల్లో బడి మొత్తంలో చివరి మెట్టు దాకా వెళ్లింది ఆమె ఒక్కతే. అది కూడా ఎక్కితే ఖమ్మంలో ఇంగ్లీషు పోటీకి పంపుతారు. గడువు ఈ సాయంత్రమే.

మధ్యలో హైదరాబాదు దవాఖానాలో ఆపరేషన్ అయింది. తొడ చర్మం తీసి మెడకూ గడ్డానికీ వేశారు. నెలల తర్వాత నిన్ననే పిల్ల తిరిగొచ్చింది, చున్నీ అందరిలాగే భుజాన వేసుకుని, తల పైకెత్తుకుని. చూసి సంపూర్ణ కళ్లు తుడుచుకుంది. ట్యాబుకేమో ఆ ముఖం పనికిరాదట.

ఆఖరికి ట్యాబు కంపెనీకి ఫోన్ చేసింది.

"రిజిస్ట్రేషన్ ఫొటోల పాప మూతికి గుడ్డ ఉంది మేడం. అట్లనే కట్టుకొని కూసోమనండి, ఓపెన్ అయితది," అన్నాడు అవతలి కుర్రాడు.

"ఆ ఫొటో తీసింది మీ మనిషే. కళ్లు కనబడితే చాలన్నడు."

"అవ్ మేడం. ఇప్పుడు గుడ్డ గూడ కనబడాలె."

"డాక్టర్లు గంత కష్టపడి బాగుచేస్తే మళ్ల మూసుకోమంటవా నాయనా? ఫొటో మార్చరాదు?"

"మార్చరాదు మేడం. కొత్త పాప కింద ఎక్కించుకోండి. పాత మార్కులన్నీ పోతయి, మొదటి నుంచి చేసుకోవాలె."

దీని దుంపతెగ. ఈ మాత్రం తెలివికి దీన్ని చదువు చెప్పమని పంపారు. ఫోన్ పెట్టేసిన సంపూర్ణకు ఒళ్లు మండిపోతోంది. అయినా ఖమ్మం గుర్తొచ్చింది. నోరు రాకపోయినా అడిగింది.

"ఒక్క గంట కట్టుకుంటవా బిడ్డా?"

హేమ్లి చున్నీ చుట్టుకుంది. ఎన్నేళ్ల అలవాటో, చేతులు వాటంతటవే ముడివేశాయి. తల కూడా వంగింది. ట్యాబు వెంటనే వెలిగి, వెల్‌కమ్ హేమ్లి అంది.

హేమ్లి కాసేపు దాన్నే చూసింది. ముడి విప్పేసింది.

"అది నన్ను పిలుస్తలేదు టీచర్. చున్నీని పిలుస్తుంది. కొత్తగ ఎక్కియ్యండి."

"మరి ఖమ్మం?"

"వచ్చే యేడు పోత."

ట్యాబును గోదావరిలో గిరాటెయ్యాలనిపించింది సంపూర్ణకు. సర్కారు సొమ్ము కాబట్టి ఊరుకుని, ఫొటో తీసింది. హేమ్లి గడ్డం పైకెత్తి కూర్చుంది. తెర మీద ఎర్రటి పండు బొమ్మ వచ్చింది. పోటీకి వెళ్లాల్సిన పిల్ల, "ఎ ఫర్ యాపిల్," అంది.

వెరీ గుడ్ అని చప్పట్లు కొట్టింది ట్యాబు.

"నోర్ముయ్," అంది సంపూర్ణ.