అక్క అడగలేదు

నా సాక్ష్యం సగంలోనే ఆగిపోయింది. జడ్జిగారు కళ్లజోడు తీసి, "మిగతాది వచ్చే వాయిదాకి. అప్పటిదాకా ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదమ్మా. ముఖ్యంగా మీ అక్కతో. ఆవిడా సాక్షే. మాట్లాడినట్టు తేలితే కేసుకే ముప్పు" అన్నారు.

నవ్వొచ్చింది. బేకరీలో పిండి కలుపుతున్న నన్ను యజమాని గోదాంలోకి లాగి తలుపేసిన రోజు, చిరిగిన బట్టలతో నేను పరిగెత్తుకెళ్లింది అక్క దగ్గరికే. మా ఇద్దరికీ ఉన్నది ఒకటే గది. నాకున్న మనిషల్లా ఆవిడే. ఇక గోడలతో మాట్లాడుకోమన్నమాట!

అక్క మామూలుగా వసపిట్ట. కూరలో ఉప్పెక్కువైనా వీధంతా చెప్పి రావాలి. అలాంటిది నోటికి తాళం వేసుకుంది. యజమాని తరఫు లాయరు నన్నేం అడిగాడో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతున్నా, "నీళ్లు కాగాయి, స్నానం చెయ్యి" అనేది. నాకేమో అంతా చెప్పేయాలని ఉండేది. బోనులో వాడి పేరు చెప్పేటప్పుడు గొంతు వణకలేదక్కా, అని కనీసం ఆ ఒక్క మాట. నోటిదాకా వస్తే మింగేసేదాన్ని. ఒక రాత్రి నేను వెక్కుతుంటే వీపు మీద చెయ్యి వేసింది. ఇది కూడా మాట్లాడినట్టే అవుతుందేమోనని భయపడి తీసేసింది, పిచ్చిది. పక్కనే మనిషిని పెట్టుకుని అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

వాయిదా వచ్చింది. వాళ్ల లాయరు కోటు సర్దుకుంటూ లేచాడు.

"ఇన్నాళ్లలో మీ అక్క కేసు గురించి ఏమైనా అడిగిందా?"

"లేదండీ."

"ఒకే గదిలో ఉంటూ ఒక్క మాట కూడా?"

"ఒక్క మాట కూడా."

"చూశారా సార్! సొంత అక్కకే పట్టలేదంటే, అసలక్కడ జరిగిందేముంటుంది?"

ఒళ్లు మండిపోయింది. "అడగొద్దన్నది మీ కోర్టే కదండీ! అడక్కుండా ఉండటానికి మా అక్క ఎంత నరకం పడిందో మీకేం తెలుసు? తిండి సహించేది కాదు. నా మొహం చూస్తే ఎక్కడ నోరు జారుతుందోనని గోడవైపు తిరిగి పడుకునేది. పట్టని మనిషి అంత అవస్థ పడుతుందా?"

జడ్జిగారు చెయ్యెత్తారు. "ఆ ప్రశ్న కొట్టేయండి. జవాబు కూడా."

టైపు చేసే ఆవిడ రెండూ చెరిపేసింది. ఇంకేం అడగనన్నాడు లాయరు. నేను బోను దిగాను. తర్వాత అక్కని పిలిచారు. గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం. "అక్కా" అన్నాను. బంట్రోతు మధ్యకొచ్చి, "ఆవిడ సాక్ష్యం ఇంకా అవ్వలేదమ్మా, మాట్లాడకూడదు" అన్నాడు.

అక్క నా వైపు చూడకుండానే లోపలికెళ్లింది.