ఫిజా నంబరు

పరుపు ఎండకు వెయ్యడమంటే చూసేవాళ్ళకి పెద్ద పనేం కాదు. మోసుకెళ్ళి పిట్టగోడ మీద వాలెయ్యడమే కదా అనుకుంటారు. ఆ పరుపు మీద తుంటి విరిగిన మనిషి ఏడాదిగా పడుకుని ఉంటే అప్పుడు తెలుస్తుంది. ముందు ఆ మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి, ఒళ్ళు తుడవాలి, దుప్పటి మార్చాలి, ఆ తర్వాత పరుపు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాలి. చిలకలూరిపేటలో ఆ ఇంటి మేడ మీద ఫిజా ఆ పనిలో ఉండగానే కింద ఫోన్ మోగింది. ఫోన్ అత్త జైతున్‌బీది. చేసింది ఫిజా మొగుడు వాసిం, అమెరికా నుంచి.

"ఆఁ, తిన్నాన్రా నాయనా. మోకాలు బాగానే ఉంది, తుంటే లాగుతోంది," అని జైతున్‌బీ చెబుతోంది. కొడుకుతో చెప్పుకోవాల్సిందంతా చెప్పుకున్నాక, "ఒసే ఫిజా, వాడు లైన్లో ఉన్నాడు, ఓసారి పలుకు," అని కేకేసింది. ఫిజా పరిగెత్తుకొచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, స్పీకర్ పెట్టి ఉన్న ఫోన్ ముందు వంగి "బాగున్నారా, తిన్నారా," అంది. "ఆఁ. అమ్మకి మందులేస్తున్నావా?" అన్నాడు వాసిం. "వేస్తున్నానండి," అంది. అంతే, అయిపోయింది. పెళ్ళయి ఐదేళ్ళవుతున్నా మొగుడూ పెళ్ళాల మాటలు ఇంతకంటే సాగింది లేదు.

అది ఆ ఇంటి పద్ధతి మరి. దూరాన ఉన్న మగాడి ఫోన్ తల్లికే రావాలి, చివర్లో కోడలు కాస్త పలకాలి. తలుపేసుకుని మొగుడితో మాట్లాడ్డం సిగ్గుమాలినతనమని జైతున్‌బీకి ఆమె అత్త చెప్పింది, జైతున్‌బీ ఫిజాకి చెప్పింది. "నువ్వూ అమ్మా ఒకింట్లోనే ఉన్నారుగా, చాటున చెప్పుకునేదేముంటుంది?" అన్నాడు వాసిం. ఫిజాకీ ఒక ఫోన్ ఉంది. పర్చూరులో పరుపులు కుట్టే వాళ్ళ నాన్న నాగూర్ వలి తప్ప దానికి చేసేవాళ్ళు లేరు.

దూదేకిన చేతులు ఆయనవి. కూతురి పెళ్ళికి మంచి పత్తి ఏరి తెచ్చి, తనే ఏకి, తనే కుట్టి జంట పరుపు ఇచ్చాడు. పెళ్ళికని వచ్చిన వాసిం దాని మీద మూడు వారాలు పడుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డాక, మెత్తగా ఉంటుందని అది ఆమె మంచానికి వెళ్ళింది. ఇప్పుడు పిట్టగోడ మీద ఎండుతున్నది ఆ పరుపే.

వాసింకి అక్కడి పౌరసత్వం రాగానే మొదట తల్లిని తీసుకెళ్ళడానికి పిటిషను వేశాడు. "అమ్మది ముందు కానీ, నీది తర్వాత చూద్దాం," అన్నాడు. తల్లి పడిపోయి ఆమె ప్రయాణం ఆగిపోయాక భార్యకీ వేశాడు. "అమ్మ విమానం ఎక్కాలంటే పక్కన నువ్వుండాలి. ఇక్కడ మనిషిని పెట్టాలంటే మాటలు కాదు," అన్నాడు. ఆ మాట గుచ్చుకోలేదని చెప్పను. అయినా సర్దుకుంది. కారణం ఏదైతేనేం, చివరికి ఒక ఇంట్లో ఉంటాం కదా, ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటాం కదా అనుకుంది. ఆమె కోరిక అంతే. ఒక మనిషి తనతో మాట్లాడాలి.

వీసా కాయితాలు సర్దే మనిషి గుంటూరు అరండల్‌పేటలో ఉంటే, తండ్రీ కూతుళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళారు. చైతన్యకృష్ణ అని, మర్యాదస్తుడే.

"మీరిద్దరూ మాట్లాడుకున్న కాల్ రికార్డులు, మెసేజీలు తెచ్చారా అండీ?"

"కాల్స్ అన్నీ అత్తమ్మ ఫోన్లో ఉంటాయండి."

"మీ ఫోన్లో?"

ఫిజా నాన్న వంక చూసింది. నాన్న నేల చూశాడు.

పెళ్ళి ఆల్బమ్ తిరగేశాడు చైతన్యకృష్ణ. ఏ ఫోటో చూసినా కొడుకు భుజం మీద చెయ్యేసి నడుమ జైతున్‌బీ ఉంది. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన నిలబడ్డది నిఖా రోజు తీసిన ఒక్కటే, అందులోనూ ఫిజా మొహం పూలచాటున ఉంది. ఆయన ఆల్బమ్ మూసి, "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇవి చూస్తే ఆయనకి తల్లి ఉందని నమ్ముతారు, భార్య ఉందని నమ్మడం కష్టం," అన్నాడు. "ఇకనుంచైనా రోజూ నేరుగా మాట్లాడుకోండి."

మర్నాడు పొద్దున్నే ఫిజా ఫోన్ మోగింది. నాన్నేమో అనుకుని ఎత్తింది. "ఫిజా," అన్నాడు వాసిం. పేరు పెట్టి పిలిచాడు. మందుల సంగతి కాకుండా ముందు తన పేరు. ఫిజా ఫోన్ పట్టుకుని మేడెక్కింది.

ఆ రోజుల్లో ఫిజాని చూడాల్సింది. అన్నం వార్చేటప్పుడు తనలో తనే నవ్వుకునేది. వీడియోలో కనిపిస్తాడని తలంటి పోసుకునేది. జైతున్‌బీ కూడా, "మేడ మీద ఇంకా ఏం పనే, ఆ పరుపు ఎండి ఎండి అప్పడమైపోయింది," అని ఆటపట్టించేదే తప్ప కసరలేదు. ఫిజా ఎన్నెన్ని కబుర్లు చెప్పిందో. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి నాన్న ఏకిన దూది కుప్పలో దూరి నిద్రపోతే, ఊరంతా వెతికారని చెప్పింది. చివరికి ఆ కుప్పలో తుమ్మితే నాన్న బయటికి లాగి, కొట్టబోయి, కొట్టలేక ఏడ్చాడని చెప్పింది. ఇది ఎవరికీ చెప్పని సంగతి. దాన్ని మెసేజీగా కూడా పొడుగ్గా రాసి పంపింది. వాసిం ఎర్ర గుండె బొమ్మ పంపాడు. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసుకుందో ఆమెకే తెలియదు. మొగుడు తనకి దక్కాడనుకుంది, పాపం.

"అవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి కన్సల్టెంటుకి పంపావా?" అని అడుగుతూండేవాడు వాసిం. పంపింది. ఫైలు అప్‌లోడ్ అయిందని చైతన్యకృష్ణ చెప్పిన మరుసటి రోజు ఫిజా ఫోన్ మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. జైతున్‌బీ ఫోనే మళ్ళీ మోగింది. ఒంట్లో బాగాలేదేమో, పనిలో ఉన్నాడేమో అని చాలారోజులు తనకి తనే చెప్పుకుంది ఫిజా. ముంబైలో వీసా ఇంటర్వ్యూకి తేదీ వచ్చిందో లేదో మళ్ళీ మెసేజీలు మొదలయ్యాయి. తిన్నావా. మిస్ యూ. అప్పుడు అర్థమైంది. మొహం కడుక్కుంటున్నట్టు కుళాయి కింద చాలాసేపు ఏడ్చింది. అన్నిటికంటే ఆ తలంటు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక పాఠాలు మొదలయ్యాయి. "ఏమడిగినా తడుముకోకు. మా కంపెనీ పేరు, మా వీధి పేరు బట్టీ పట్టు. అమ్మని చూసుకోవడానికి వస్తున్నానని మాత్రం అనకు. 'భర్తతో కలిసుండటానికి' అని చెప్పు," అన్నాడు. అత్తగారి వీపు రుద్దుతూ ఆ రెండు మాటలూ పలికి చూసుకుంది ఫిజా.

ముంబై బయలుదేరే రోజు అత్తగారికి తల దువ్వుతోంది. ఇంట్లో సాయానికి కొండమ్మని కుదిర్చారు. జైతున్‌బీ అద్దంలో చూస్తూ ఉన్నట్టుండి అంది. "మీ మామ సౌదీలో పదేళ్ళున్నాడే. ఫోన్ చేస్తే వాళ్ళమ్మకే. నన్ను పేరు పెట్టి పిలిచిందెప్పుడో గుర్తు లేదు. తిరిగొచ్చాక మాట్లాడుకుందాంలే అనుకున్నా. వచ్చాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలా." దువ్వెన ఆగిపోయింది. "దువ్వు, బండికి టైమవుతుంది," అంది జైతున్‌బీ.

అమెరికా కాన్సులేట్ లోపలికి ఫోన్లు రానివ్వరు. ఫోన్ నాన్న చొక్కా జేబులో పెట్టి, ఆయన్ని బయట ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి ఫిజా లోపలికి వెళ్ళింది. కిటికీకి అవతల ఒక కుర్రాడిలాంటి ఆఫీసరు, పక్కన తెలుగు చెప్పే ఆవిడ. కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యమన్నారు. చేసింది.

"ఎందుకు వెళ్తున్నారు?"

"భర్తతో కలిసుండటానికి." పాఠం బాగానే అప్పజెప్పింది. కంపెనీ పేరు, వీధి పేరు కూడా చెప్పింది.

ఆఫీసరు కాయితాల్లోంచి తలెత్తి ఇంకేదో అడిగాడు. "మీరిద్దరూ మామూలుగా ఏం మాట్లాడుకుంటారని అడుగుతున్నారమ్మా," అంది తెలుగావిడ.

ఇది వాసిం చెప్పని ప్రశ్న. ఫిజాకి ఒక్కటే తోచింది. దూది కుప్ప సంగతి చెప్పింది. చెబుతుంటే గొంతు దానంతటదే తేటపడింది. తెలుగావిడ ఇంగ్లీషులోకి మారుస్తూ నవ్వింది, ఆఫీసరూ నవ్వాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు, అద్దానికి అవతల, ఆ సంగతి చివరిదాకా విన్నారు.

"బాగుంది. మీ ఆయన విని ఏమన్నారు?"

ఎర్ర గుండె బొమ్మ. అంతకు మించి ఏమీ లేదు. "నవ్వారండి," అంది. "చాలాసేపు నవ్వారు. తన చిన్నప్పటి సంగతి కూడా ఒకటి చెప్పారు."

వీసా ఇస్తున్నామన్నారు. తెలుగావిడ "కంగ్రాట్స్ అమ్మా," అంది. చెయ్యెత్తి ప్రమాణం చేసిన చోట తన మొగుడి కోసం, ఆయనకే తెలియని ప్రేమ ఒకటి అల్లి చెప్పి వచ్చానే అనుకుంటూ ఫిజా మెట్లు దిగింది. వీసా వచ్చిన సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

బయట నాన్న లేచి నిలబడి ఫోన్ అందించాడు. "అల్లుడు చేశాడమ్మా. మాట్లాడు." ఫిజా చేసింది.

"వచ్చిందండి."

"హమ్మయ్య. అమ్మకి చెప్పావా?"

"ముందు మీకే చేశా."

"అమ్మకి చెప్పు, కంగారు పడుతుంటుంది. ఆ కొండమ్మ అన్నం మెత్తగా వండట్లేదంట, రాత్రి బండికే బయల్దేరు. అన్నట్టు, ప్రూఫుల పని అయిపోయిందిగా, ఇక నీ నంబరుకి రీఛార్జి దండగ. అమ్మ ఫోన్‌కే చేస్తాలే."

కోపంగా అనలేదు. సంసారం తెలిసిన మనిషిలా, మామూలుగానే అన్నాడు. ఫిజాకి అత్తగారి మొహం గుర్తొచ్చింది, అద్దంలోది. తను లేకపోతే ఆ ముసలిదాని దుప్పటి ఎవరు మారుస్తారన్న బెంగా వచ్చింది. ఆ బెంగ నిజమే. అది చూపించే ఇన్నాళ్ళూ తన చేత అన్నీ చేయించారన్నదీ నిజమే.

"ఏమండీ, దూది కుప్పలో నిద్రపోయిన సంగతి మీకు చెప్పాను. గుర్తుందా?"

"ఏ దూది? ఇప్పుడదెందుకు?"

"వీసాకి ఆరు నెలల దాకా గడువుంటుందంట. నేను పర్చూరు వెళ్తున్నా, నాన్న దగ్గరికి. కొండమ్మకి అన్నం ఎలా వండాలో, పరుపెప్పుడు ఎండకెయ్యాలో ఫోన్లో చెబుతా. ఆ పైన అత్తమ్మని చూసుకోవాల్సింది మీరు, వచ్చి తీసుకెళ్ళండి. నాతో మాట్లాడాలనుంటే నా నంబరుకి చెయ్యండి."

పక్కన నాగూర్ వలి సంచీ ఇటు చేతి నుంచి అటు చేతికి మార్చుకున్నాడు. కూతురిని ఆపలేదు.

"పిచ్చెక్కిందా నీకు? ఇంటర్వ్యూ అయిపోయిందిగా, ఇంకా ఈ ఫోన్లు దేనికి?"

"అయిపోయింది వాళ్ళదండి," అంది ఫిజా. "నేనింకా మిమ్మల్ని ఏమీ అడగలేదు."