నాలుగు వేల గీతలు

మళ్ళీ ఆవిడ ఊసే మా ఆయన నోట, ల్యాబులో కొత్తగా చేరినావిడ ఊసు, లిఫ్టు రెండో అంతస్తు దాటకముందే మూడుసార్లు, ఆవిడ ఇలా అంది, ఆవిడ అలా చేసింది, ఆవిడ లేజరు దువ్వెన బిగించాక నక్షత్రం సెకనుకి బెత్తెడు జరిగినా మా ఆయన పరికరం పట్టేస్తుందట, పట్టనీ, మొన్న ఫోనులో మా వదిన, ఆయన అక్కగారు, అదేం దువ్వెనే తల్లీ, మావాడి నెత్తిన నాలుగు వెంట్రుకలైనా లేవుగా, అంటే నేనూ నవ్వాను, లోపల మాత్రం కడుపు మండుతూనే ఉంది, పదకొండేళ్ళు ఆ పని చేసింది నేను మరి, నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి కొలవాలంటే పక్కన ఒక స్కేలు ఉండాలి, అప్పట్లో ఆ స్కేలు ఒక దీపం, దాని వెలుగును విడదీస్తే వచ్చే గీతలు ఒకచోట గుంపుగా, ఇంకోచోట బొత్తిగా లేకుండా, ఏది ఏ గీతో పట్టికతో సరిచూడాలి, ఆయన కాగితాలు ఇంటికి తెచ్చేవారు, పిల్ల బడికి వెళ్ళాక భోజనాల బల్ల మీద పరుచుకుని పెన్సిలుతో నాలుగు వేల గీతలు సరిచూశాను, నీకున్న ఓపిక నాకు లేదోయ్ అనేవారు, ఆ ఒక్క మాటకే పొంగిపోయేదాన్ని, ఇప్పుడు ఆ లేజరు దువ్వెన పళ్ళలా సమానమైన ఎడంతో తనే గీతలు వేసిపెడుతోంది, కాగితాలు ఇంటికి రావడం మానేశాయి, కూరలో కరివేపాకునయ్యాను.

లిఫ్టు దిగి ల్యాబులోకి వెళ్ళి చూస్తే ఆవిడ నేననుకున్నంత అందంగా లేదు, అది ఇంకా మంట, నలిగిన చొక్కా, చెవి వెనక పెన్ను, రండి మేడం, ఇక్కడ కూర్చోండి, ఆ గాజు అవతల పరికరం దగ్గరికి మాత్రం ఎవరం వెళ్ళం, మనిషి ఒంటి వేడికే గీతలు కదిలిపోతాయి, అంటూ నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టి, ఆయన్ని కంప్యూటరు దగ్గరికి పిలిచింది, ఇద్దరూ ఒకే తెర మీదికి వంగారు, భుజానికీ భుజానికీ మధ్య జానెడు, కాదు, జానెడుకి తక్కువే, కొలవడం నాకూ వచ్చు, మీ పాత పట్టికలో ఎర్రరంగు చివర ఒక గీత తప్పండీ, అంటోంది ఆవిడ, అది దీపంలోని లోహానిది కాదు, అందులో నింపిన ఆర్గాన్ వాయువుది, ఒత్తిడి మారితే జరిగిపోతుంది, మీ కొలతలు అటు చివర వంకరపోయింది అందుకే, ఆ తప్పు నాదే అయ్యుంటుంది, ఇక ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు, అనుకునేలోపే ఆవిడ స్కాన్ చేసి పెట్టుకున్న నా కాగితం తెర మీద పెద్దదై కనబడింది, ఆ గీత పక్కన నా పెన్సిలు రాత, అనుమానం, వాడొద్దు, దాని మీద ఆయన ఎర్ర సిరా టిక్కు, అవును, నాకు గుర్తుంది, అటువైపు గీతలు తక్కువున్నాయి, ఉండనీలేవోయ్, అన్నారు ఆ రోజు.

ఎవరి రాతండీ ఇది, ఒట్టి కంటితో పట్టారంటే మాటలా, అంది ఆవిడ, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అప్పట్లో ఎవరో సాయం చేసేవాళ్ళులెండి, అన్నారు, ఎవరో, నాలుగు అడుగుల దూరంలో కూర్చున్న నేను ఎవరో, ఆవిడ వదల్లేదు, ఎవరో ఏంటి సార్, సవరించిన పట్టికలో పేరు వేయాలి కదా, పదకొండేళ్ళలో ఆయనకి తట్టని మాట, లిఫ్టులో నేను శాపాలు పెట్టిన మనిషి నోటినుంచి, ఆ రాత నాదండీ, అనేశాను, ఆయన చటుక్కున తిరిగారు, ఆయన మొహం ఎలా ఉందో చూడాలనిపించలేదు, నా కళ్ళు కంప్యూటరు ముందు ఆవిడ లేచి ఖాళీ చేసిన కుర్చీ మీదే ఉన్నాయి, ఇన్నాళ్ళూ మొగుణ్ణి ఎవరో లాక్కుపోతున్నారని కుళ్ళుకున్నాననుకున్నాను, నేను కుళ్ళుకున్నది ఆ కుర్చీని చూసి, అందులో కూర్చోవడం నాకూ చేతనవును గనక.