రెప్ప వేయని గోదావరి

బతికే ఉన్నానని ఫోన్‌కు చూపించుకోవడం గోదావరికి చేతకాక కాదు, ఇష్టం లేక.

ముఖం తెరకు ఎదురుగా పెట్టి రెండుసార్లు రెప్పలాడిస్తే చాలు, భర్త పోయాక తనకొస్తున్న పెన్షన్‌కు మరో ఏడాది ఢోకా ఉండదు. కోడలు కృతిక మూడు రోజులుగా ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడుతోంది.

"అత్తమ్మా, జర రెప్ప కొట్టు."

గోదావరి గుడ్లప్పగించి చూసింది. కళ్లు మండి నీళ్లు కారాయిగానీ రెప్ప పడలేదు.

"ఏందిది! నువ్వు మనిషివి కాదు, ఫోటోవి అంటుంది."

"అననియ్ బిడ్డా. ఆఫీసుకే పోయి చూపిస్త."

మర్నాడు బుగ్గలు పూరించింది. ఆ మర్నాడు మొహం పక్కకు తిప్పేసుకుంది. ఫోన్ ఆమెను వదిలేసి, వెనక గోడమీద దండ వేసున్న భర్త ఫోటో చుట్టూ ఆకుపచ్చ గీత గీసింది.

"మామయ్యను పట్టుకుంది!" కృతిక ఫోన్ దించేసింది. "సచ్చిపోయినాయన బతికిండంట, బతికున్న నువ్వు లేవంట. ఇగ నాతోటి కాదు. ఆఫీసుకే పో."

గోదావరికి కావలసింది అదే.

పదకొండేళ్లుగా నవంబరు మొదటి సోమవారం ఆమె పెన్షన్ ఆఫీసు వరండాలో కూర్చుంటుంది. కుల్చారం నుంచి ఉమ్మె హాని వస్తుంది. ఆమెదీ భర్త పెన్షనే. పరిచయమైందీ ఆ వరండాలోనే. ఈమె మూటలో సర్వపిండి రొట్టె, ఆమె ఫ్లాస్కులో చాయ్. ఏడాదికి ఆ ఒక్కరోజు. ఫోన్ నంబరు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

పోయినేడు కదులుతున్న బస్సును పరుగున అందుకుంటూ ఉమ్మె హాని "పోయొస్త" అనలేదు. గోదావరి భర్త కూడా ఓ పొద్దున ఆ మాట అనకుండానే స్కూటరెక్కాడు, తిరిగి రాలేదు. ఏడాదంతా ఆ అనని మాట ఆమెకు ముల్లై గుచ్చుకుంది.

వరండాలో కుర్చీలన్నీ ఖాళీ. క్లర్కు ఎబినేజర్ ఒక్కడే ఉన్నాడు.

"ఏందమ్మా, అందరు ఇండ్లల్ల కూసోని చేసుకుంటున్నరు. మీరెందుకొచ్చిండ్రు?"

"ఫోన్ నన్ను మనిషి కాదన్నది సారూ. కుల్చారం ఉమ్మె హాని ఆపా చేసుకున్నదా?"

ఎబినేజర్ కంప్యూటర్‌లో చూశాడు. "ఇంక చేసుకోలే."

గోదావరి బస్సులాగే వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంది. రెప్ప కొట్టలేదా, కొట్టలేకపోయిందా?

పన్నెండింటి బస్సు వచ్చింది. ఒంటిగంట బస్సు వచ్చింది. సర్వపిండి మూట విప్పలేదు. రెండింటి బస్సు దిగి, ఫ్లాస్కు ఊపుకుంటూ ఉమ్మె హాని వచ్చింది.

"ఉన్నవా గోదావరమ్మా!"

"నువ్వున్నవా ఆపా! గింత లేటా?"

"కొడుకు ఇడ్సిపెట్టలే. ఫోన్‌లనే అయితది అమ్మీ అని పొద్దటిసంది ఒకటే పోరు. రెప్ప కొట్టమంటే నోరు తెరిచిన. నోరు మూయమంటే కొంగు మొహం మీదికి గుంజుకున్న. ఆఖరికి ఫోన్ గరమై బందైంది."

ఎబినేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంటే కావాల్నని ఫెయిలయిండ్రా?"

ఇద్దరూ చాయ్ ఊదుకున్నారు.

"అరె, గిది ఏడ కూసోనైనా చెయ్యొచ్చమ్మా. ఒకరింటికి ఒకరు పోయి చేసుకోండ్రి. ఆడోళ్లకు బస్సు ఫ్రీయేనాయె."

"కుల్చారంల చేసినా నడుస్తదా?" గోదావరి అడిగింది.

"నడుస్తది."

"ఏడుపాయల జాతరల?"

"సిగ్నల్ ఉంటే నడుస్తది."

"గట్ల చెప్పాలె గద!" గోదావరికి కోపమొచ్చింది. "ఇంట్ల కూసోని చేసుకో అన్నరు గని, ఎవరింట్ల అన్నది ఒక్కరన్న చెప్పిండ్రా? మరి మల్లొచ్చే నవంబర్ దాకా ఆగాల్నా?"

"సర్టిఫికెట్‌కు ఆగాలె. చాయ్‌కు ఎందుకాగుడు?"

ఎబినేజర్ తన ఫోన్ తెరిచి గోదావరి ముందు పట్టుకున్నాడు. తెరమీద ఎర్రగా వచ్చింది: రెండు ముఖాలు కనబడుతున్నాయి.

"ఒక్కరు జరగండ్రి."

ఉమ్మె హాని లేవబోయింది. గోదావరి ఆమె కొంగు పట్టుకుంది.

"పోయొస్తనని చెప్పి జరుగు."

"ఏడికి పోతున్ననే? మూడడుగులు."

"అయినా చెప్పు."

ఉమ్మె హాని ఎబినేజర్ వైపు చూసింది. అతను ఫోన్ అలాగే పట్టుకుని, చెప్పమన్నట్టు తల ఊపాడు.

"పోయొస్త గోదావరమ్మా."

గోదావరి కొంగు వదిలి, ఫోన్ వైపు తిరిగి, రెండుసార్లు రెప్పలాడించింది.