ఒక పోగు తక్కువ

సిరిసిల్ల భూమయ్యకు సంఖ్యల్లో రెండే జాతులు తెలుసు: మంచివి, మొండివి. ముప్పై ఏళ్లుగా మగ్గాలకు పడుగు పోసే వార్పింగ్ మిషను నడిపే మనిషికి అంతకంటే అక్కర్లేదు. స్టాండుకు నూలు కోన్లు ఎక్కించి, పోగులను డ్రమ్ము మీద పట్టీలు పట్టీలుగా చుట్టాలి. ప్రతి పట్టీలో పోగులు సమానంగా రావాలి. అలా ఎటైనా తెగేది మంచి సంఖ్య, దేనికీ లొంగనిది మొండిది. ఆ మొండిదాన్నే ప్రధాన సంఖ్య అంటారని ఆయనకు చెప్పింది కూతురు శ్రావణి, ఏడో తరగతిలో ఉండగా.

ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుంటే ఇదే ఆట. తండ్రి ఓ సంఖ్య వేసేవాడు, బిడ్డ విప్పేది. మూడువేల ఆరువందలంటే ఇద్దరికీ ప్రాణం. అరవై అరవైలు. ఏకంగా నలభై అయిదు సంఖ్యలతో శేషం లేకుండా తెగుతుంది. అంత మంచి సంఖ్య ఎక్కడా లేదని తేల్చుకున్నారు.

ఆ బిడ్డ రెండేళ్ల కిందట కోరుట్లలో ఉండే సాగర్‌ను పెళ్లి చేసుకుని, ఆ తర్వాత ఇంటికి కబురు చేసింది. భూమయ్యకు అల్లుడి మీద కోపం లేదు. తనకు ముందుగా ఒక్క మాట చెప్పలేదనే బాధ. అదీ ఎప్పుడో చల్లారింది. కానీ ముందు పలకరించేదెవరు? మొండి సంఖ్యలను తిట్టే పెద్దమనిషి తానే ఒకటై కూర్చున్నాడు. భార్య రాజక్క రోజూ బిడ్డతో ఫోన్లో మాట్లాడుతుంటే టీవీ గొంతు తగ్గించి వినేవాడు.

ఇవాళ యజమాని మూడువేల ఆరువందల పోగులు పొయ్యమన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక భూమయ్యకు చేతులాడలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి రాజక్క ఫోను తీసుకుని నొక్కాడు. "అమ్మా" అని బిడ్డ గొంతు వినపడింది. మూడువేల ఆరువందలు ఎట్లా తెగుతుందని అడిగితే నవ్విపోతుంది. అందుకని ఒకటి తీసేశాడు.

"మూడువేల అయిదువందల తొంభై తొమ్మిది," అన్నాడు గడగడా. "తెగుతలేదు. మొండిదా ఏంది?"

ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"మొండిది కాదు బాపూ," అంది బిడ్డ. "అరవైకి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. యాభై తొమ్మిది అరవై ఒకట్లు. గవి రెండు మొండియే గని, కలిస్తె గిదైతది."

"గట్లనా!" ఆ సంగతి ఆయనకు నిజంగానే తెలియదు.

"గని బాపూ, నువ్వెప్పుడు పోసేది మూడువేల ఆరువందలే గద. గా ఒక్క పోగు ఏడబోయింది?"

భూమయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"కోరుట్లల ఉన్నది బిడ్డా," అన్నాడు. "ఐతారం పనికి సెలవు, నేనే అస్త."